రేడియేటర్‌లో పసుపు

మెకానిక్ దగ్గరికి పోకుండా రేడియేటర్ నువ్వే ఎందుకు మార్చావని ఎవరైనా అడిగితే, ఒకటే జవాబు చెప్పేవాణ్ణి: పని చేతనవును కాబట్టి. అది శుద్ధ అబద్ధం. మా వీధి చివరి మెకానిక్‌కు నోట్లో మాట ఆగదు. నా బండి రేడియేటర్ విప్పితే లోపలి నుంచి ఏం కారుతుందో నాకు తెలుసు. అది సాయంత్రానికల్లా కొత్తవాడ మొత్తానికి తెలిసిపోతుందనీ తెలుసు.

బండి అంటే పాత పికప్. పదిహేడేళ్లుగా దాని మీదే జంపఖానాలు, నూలు మోపులు తిప్పుతున్నాను. మగ్గం పని నాది కాదు, మా ఆవిడదీ మా తమ్ముడి భార్యదీ. పెద్ద జంపఖానా ఒక్క మనిషితో అయ్యేది కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, పోగు బిగించే దెబ్బ ఇద్దరిదీ ఒకేలా పడాలి, లేకపోతే అంచు వంకర పోతుంది. ఈ యారాళ్లిద్దరూ పద్దెనిమిదేళ్లు అలా కూర్చున్నారు. చూసినవాళ్లు అక్కాచెల్లెళ్లే అనుకునేవారు. రెండు ఇళ్లకూ వాకిలి ఒకటే. మా వంటింటి వెనక తలుపు తెరిస్తే మరదలి వంటిల్లు. ఆ తలుపుకు గడియ ఉందన్న సంగతే మాకు గుర్తుండేది కాదు.

అలాంటి మగ్గం అప్పటికి రెండు నెలలుగా ఆగిపోయి ఉంది. సగం నేసిన జంపఖానా మీద పాత చీర కప్పి పెట్టారు. దానికి కారణం నేను. ఆ మాట నాకొక్కడికే తెలుసు.

ఎండలు ముదురుతున్నప్పుడు రేడియేటర్ చుక్కచుక్కగా కారడం మొదలైంది. మా ఆవిడతో అంటే, "ఆ డొక్కును ఇనుప సామానోనికి ఇచ్చెయ్యరాదయ్యా" అంటుంది. అప్పటికే నాలుగుసార్లు అంది. ఆ బండి లేకపోతే నేనేం చేయాలి, ఇంట్లో కూర్చుని ఈగలు తోలుకోవాలా? అందుకని చెప్పలేదు. పాత డ్రైవర్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. రేడియేటర్ నీళ్లలో పసుపు వేస్తే అది పోయి చిల్లులో ముద్దకట్టి కారడం ఆపుతుంది. దుకాణంలో ప్యాకెట్ కొని వేశాను. ఆగలేదు. అందులో పసుపెంతో పిండెంతో ఆ దేవుడికే తెలియాలి. మా ఇంటి పసుపు వేరు. మా ఆవిడ పుట్టిల్లు నెక్కొండ దగ్గర. అక్కడి నుంచి కొమ్ములు తెచ్చుకుని, దగ్గర నిలబడి గిర్నీలో పట్టిస్తుంది. ఆ డబ్బాలోంచి రెండు చెంచాలు తీసి వేశాను. చుక్క టక్కున ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

వారం గడిచింది, మళ్లీ చుక్క. మళ్లీ రెండు చెంచాలు. ఇలా నాలుగు వారాలు.

"ఈ ఇంట్ల పసుపు ఎవలు తింటాండ్లు?" అని మా ఆవిడ అరిచిన పొద్దున నేను పేపర్ చదువుతున్నాను. పేపర్ దించలేదు. ఆమె డబ్బాను పై అరలో గిన్నెల వెనక దాచింది. నేను స్టూలు వేసుకుని అక్కడి నుంచీ తీశాను. చూడండి నా తెలివి! దాంతో ఆమె అనుమానం గట్టిపడింది. మా వంటింట్లోకి అడగకుండా వచ్చిపోయే మనిషి యారాలు ఒక్కతే కదా.

నల్లా దగ్గర పదిమంది ఆడవాళ్ల ముందు మా ఆవిడ మరదలిని అనేసింది. "అడిగితే దోసెడు పెట్టకపోదునా చెల్లె? చాటుకు తీసుడేంది? ముత్తైదు ఇంట్ల పసుపు దొంగతనం చేస్తరా ఎవలన్న?"

బియ్యం పోయాయన్నా అంత మాట అయ్యేది కాదు. ఒక ముత్తైదువ ఇంటి పసుపు ఇంకొకతె చాటుగా తీసిందంటే, ఆ ఇల్లాలి ఐదోతనం మీదే కన్నేసిందని నలుగురూ అనుకుంటారు. మరదలు బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పోయింది. ఆ సాయంత్రం వంటింటి వెనక తలుపుకు అవతలి నుంచి గడియ పడింది. ఆ చప్పుడు విన్నాను. విని, అన్నం కలుపుకుని తిన్నాను. మొదటి రోజే చెప్పి ఉంటే తిట్లతో పోయేది. పదోరోజు చెబితే పది రోజులు ఎందుకు దాచావంటుంది. అరవయ్యో రోజు ఏమంటుందో తలుచుకోవడం కూడా మానేశాను. సిగ్గులేని మనిషిని అనండి, పడతాను.

పసుపు డబ్బా జోలికి మళ్లీ పోలేదు, రోజూ నీళ్లు పోసుకుంటూ బండి నెట్టుకొచ్చాను. చివరికి ఒక శనివారం నూలు లోడుతో వస్తుంటే బానెట్ కింద నుంచి గుప్పున ఆవిరి లేచింది. రేడియేటర్ పూర్తిగా పోయింది. పసుపు చిల్లుల్లోనే ఆగుతుందా, లోపలి సన్నటి గొట్టాలన్నీ పూడ్చేసింది. బండిని తోయించుకుని ఇల్లు చేరాను.

మర్నాడు మా ఆవిడ నెక్కొండకు బయల్దేరింది. మేనకోడలికి ఒడిబియ్యం పోస్తున్నారు, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసే వేడుక. ఇలాంటి వాటికి యారాళ్లిద్దరూ ఒకే రంగు చీరలు కట్టుకుని పోయేవారు. ఈసారి ఒక్కతే రైలెక్కాలి. గడప దాటబోతూ ఆ మూసిన తలుపు వైపు చూసింది. నేను టీ గ్లాసులోకి చూశాను. మరదలు మహిళా సంఘం మీటింగ్‌కు పోయింది, తమ్ముడికి మిల్లులో డ్యూటీ. ఆడవాళ్లు తిరిగి వచ్చేలోగా పని అయిపోవాలి. నీళ్లు కాలువలోకి, పాత రేడియేటర్ గోనెసంచిలోకి పోతే ఇక పీడ విరగడైనట్టే అనుకున్నాను. పాత సామాను దుకాణంలో అదే సైజు రేడియేటర్ వెతికి తెచ్చి, పదకొండింటికి బానెట్ ఎత్తాను.

రేడియేటర్ పని నిదానం ఉన్నవాడు చేయాలి. నేను రెండు నిమిషాలకోసారి గేటు వైపు చూస్తూ చేశాను. ఫ్యాన్ కవర్ బోల్టులు తీస్తుంటే పానా జారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. పై పైపు క్లిప్పు తుప్పుపట్టి కదలనంది. దాన్ని తిట్టాను, బండిని తిట్టాను, పసుపు ఉపాయం నేర్పిన ముసలి డ్రైవర్‌ను తిట్టాను. కింద నీళ్లు వదిలే బిరడా తిప్పితే చుక్క రాలేదు, పసుపు ముద్ద అడ్డం పడి ఉంది. కింది పైపు ఊడదీస్తే సరి అనుకుని, కింద తొట్టి పెట్టి, కాలితో తన్నిపెట్టి గట్టిగా లాగాను.

ఒక్కసారిగా ఊడింది. నీళ్లన్నీ భళ్లున దుమికాయి. తొట్టి ఒరిగిపోయింది. పసుపు, తుప్పు కలిసిన చిక్కటి నీళ్లు సిమెంటు వాకిలి మీద పారాయి. ఆ వాకిలి వాలు ఎటో నేను మరిచిపోయాను. పారి పారి, మరదలి గడప ముందు పొద్దున వేసిన ముగ్గు మీదుగా పోయి నిలిచాయి.

నల్లా తిప్పితే గాలి వచ్చింది. ఆ రోజు నీళ్లు వదిలే రోజు కాదు. గోనెసంచితో తుడిచాను, మరక ఇంకా పరుచుకుంది. ఇంతలో గేటు కిర్రుమంది. మీటింగ్ తొందరగా అయిపోయిందట. మరదలు.

ఆమె తన గడప ముందు ఆగి కిందికి చూసింది. వంగి, వేలికి అద్దుకుని వాసన చూసింది.

"అక్క పసుపు," అంది.

"అమ్మా, బండి కారుతాండె... రెండు చెంచాలే..." అన్నాను, గోనెసంచి పట్టుకుని.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండు, నాలుగు తిట్టినా బాగుండు. లోపలికి పోయి డ్రమ్ములోంచి బకెట్ నీళ్లు తెచ్చి, చీపురుతో కడగడం మొదలుపెట్టింది.

"నేను కడుగుతనమ్మా."

"మీరు బండి చూసుకోండ్రి బావా. అక్క వచ్చే యాళ్లయింది." కడుగుతూనే, తల ఎత్తకుండా అంది: "అక్కకు చెప్పకుండ్రి. ఉత్తగనే నన్ను దొంగన్నదని ఎర్కైతే పాపం తట్టుకోదు. నాకైతే అలవాటైపాయె."

ఆ చివరి మాట ఇప్పటికీ నా చెవుల్లో తిరుగుతుంది.

మిగతా పని ఎలా చేశానో తెలియదు. తెచ్చిన రేడియేటర్ దించి, పైపులు తొడిగి, కొత్త క్లిప్పులు బిగించాను. కూలెంట్ పోసి, మూత తీసి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేశాను. గాలి బుడగలన్నీ పోయేదాకా కొంచెం కొంచెంగా పోస్తూ నిలబడ్డాను. టెంపరేచర్ ముల్లు సగం దాకా లేచి అక్కడే ఆగింది. ఎక్కడా చుక్క లేదు. ఇంకో రోజైతే వీధంతా వినేలా హారన్ కొట్టేవాణ్ణి.

మా ఆవిడ వచ్చేసరికి నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను. "బండి లేచిందా?" అని నవ్వుతూ వచ్చింది. దగ్గరికొచ్చి నా చేతులు చూసింది. "ఏందయ్యా, గోర్లన్నీ పచ్చగున్నయ్? ఒడిబియ్యం కలిపింది నువ్వా, నేనా?"

కూలెంట్ రంగు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే అయిపోయేది. మరదలు కడిగిన వాకిలి ఇంకా తడిగా ఉంది.

"పసుపు నేనే తీసిన," అన్నాను. "రెండు నెలల సంది ఊకున్న. అంత ఈ రేడియేటర్లనే పోసిన."

మా ఆవిడ పక్క మెట్టు మీద కూలబడింది. "పదిమంది ముంగట అన్న గదయ్యా దాన్ని," అంది. లేచి, కొత్త చీరతోనే, చెప్పులు కూడా వేసుకోకుండా వాకిలి దాటి మరదలి తలుపు కొట్టింది. లోపల ఏడ్పు వినబడింది. ఎవరిదో తెలియలేదు, ఇద్దరిదీ కావచ్చు.

మర్నాడు నల్లా దగ్గర అదే ఆడవాళ్ల ముందు జరిగిందంతా మా ఆవిడే చెప్పింది. అప్పటి నుంచి మా వీధిలో నా పేరు పసుపు సేటు. మెకానిక్ అయితే నేను కనబడితే చాలు, "ఎన్ని చెంచాలన్నా?" అంటాడు. పడుతున్నాను. మగ్గం మీది చీర తీసేశారు. రెండు దెబ్బలూ మళ్లీ ఒకేలా పడుతున్నాయి. వెనక తలుపు గడియ కూడా తీసే ఉంటుంది.

కానీ మరదలు మా వంటింట్లోకి రాదు. పసుపు కావాల్సి వస్తే గడప అవతలే నిలబడి చిన్న గిన్నె చాస్తుంది. "అక్కా, జర పసుపు పెడ్తవా?"

"లోపటికొచ్చి తీసుకోరాదే," అంటుంది మా ఆవిడ, ప్రతిసారీ.

ఆమె నవ్వుతుంది. గిన్నె అలాగే చాచి, గడప అవతలే నిలబడుతుంది.