వెనకబడిన చూపుడు వేలు

మా విఠల్‌ది రాజమండ్రి. ఇప్పుడు ఈ పరాయి దేశంలో, మాసన్ లేక్స్ అనే పేటలో మా వీధిలోనే ఉంటాడు. వారమంతా టెక్నాలజీ పార్క్‌లో సర్క్యూట్ బోర్డుల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. శనివారం భార్య కాత్యాయని పిల్లలకు కూచిపూడి నేర్పుతుంటే మృదంగం వాయిస్తాడు. తప్పులు పట్టడంలో ఎంత పొగరో, వాయించడంలో అంత వినయం.

ఇక్కడ వేసవి కాబట్టి డిసెంబరు ఎండల్లో గరాజ్‌లో ఒక మిషన్ మొదలుపెట్టాడు. మృదంగానికి అటూ ఇటూ చెక్క వేళ్లు, వాటిని కరెంటుతో కదిపే సొలినాయిడ్లు, అన్నిటికీ మెదడుగా అరచేతిలో పట్టే మైక్రోకంట్రోలర్ బోర్డు. ముందు అతను వాయిస్తే అది నేర్చుకుంటుంది, తరువాత తనంతట తాను వాయిస్తుంది. ఏ వేలు తాళానికి ఎంత వెనకబడిందో స్క్రీన్ మీద చూపిస్తుంది కూడా.

"నేను ఊళ్లో లేనప్పుడు పిల్లల ప్రాక్టీస్‌కి" అన్నాడు. ఎక్కడికీ కదలని మనిషి! నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మార్చిలో స్క్రీన్ మీద అతని కుడి చూపుడు వేలి ఆలస్యం చూపే అంకె ఎర్రబడింది. ఏప్రిల్‌లో రెట్టింపయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, విఠల్ మిషన్‌ని తిట్టాడు. సెన్సర్లు మార్చాడు, వైర్లు మార్చాడు, బోర్డు మూడుసార్లు మార్చాడు. ఒకరోజు కాఫీ కప్పు ఎడమచేత్తో అందుకున్నాడు. నాకు భయమేసింది.

మొన్న శనివారం మధ్యాహ్నం వెళ్లేసరికి నాలుగో బోర్డు బిగిస్తున్నాడు.

"ఇదీ ఫాల్టే ప్రసాదూ. లోపలి క్లాక్ డ్రిఫ్ట్ అయి టైమ్ తప్పు చూపిస్తున్నట్టుంది."

"నా వేలు పెట్టి చూడు" అన్నాను.

ముందు మృదంగానికి దణ్ణం పెట్టమన్నాడు. పెట్టాను. తాళం టిక్కుటిక్కుమంటుంటే నా మొద్దు వేలితో ఇరవైసార్లు కొట్టాను. ఒక్క ఎర్ర అంకె లేకుండా స్క్రీన్ అంతా ఆకుపచ్చగా ఉంది.

విఠల్ ఆ పచ్చరంగునే చూస్తూ కూర్చున్నాడు.

"మా నాన్నక్కూడా వణుకు జబ్బు ఈ వేలితోనే స్టార్ట్ అయిందిరా" అన్నాడు చివరికి. "కాత్యాయనికి చెప్పకు."

"డాక్టర్‌కైనా చెప్పు."

"చూద్దాంలే."

మిషన్ పెట్టాక అతను గరాజ్‌లోంచే వాయిస్తున్నాడు, కాత్యాయని పక్క హాల్లో ఆడుతోంది. "ఏవండీ, నేను రెడీ" అని మూసిన తలుపు అవతల నుంచి పిలిచింది. విఠల్ ఎడమచేత్తో మృదంగం ఎడమవైపు తొప్పికి, నాదం నిండుగా పలకడానికి తడి రవ్వముద్ద అద్ది, డిసెంబరులో మిషన్‌కి నేర్పిన వాయింపు పెట్టి మీట నొక్కాడు. చెక్క వేళ్లు లేచాయి. అచ్చంగా మా విఠల్ చెయ్యే. అతను మాత్రం నా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చివరి దెబ్బ పడ్డాక ఆమె గజ్జెలు ఆగాయి.

"హమ్మయ్య. పాత చెయ్యి వచ్చేసిందండీ" అంది కాత్యాయని. "మార్చి నుంచీ మీ వేలు లేట్ అవుతోందని భయపడి చచ్చాను. మీకు చెప్పకుండా మండేకి స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఇంక అక్కర్లేదులెండి, ఇప్పుడే కాన్సిల్ చేసేస్తా."

నేను తలుపు వైపు అడుగు వేశాను. విఠల్ కుడిచేత్తో నా భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది.

ఆ వణికే చెయ్యి నా భుజం మీద ఉండగానే, కాత్యాయనికి కనపడేలా నేను తలుపు తీశాను.