ఇంజన్‌కు కప్పిన గొంగడి

తడిసిన గొంగడి వాసన తగిలితే నాకు ఇప్పటికీ కాలిన నూనె వాసన కూడా వస్తుంది. నిజాం రోజుల్లో గద్వాలలో మా నాయిన మోటార్లు బాగుచేసేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, విప్పి బిగించిన బస్సు డీజిల్ ఇంజన్ ఒకటి ఆయన చేతికి చిక్కకుండా పోయింది. గీపెడుతూ, పొగ కక్కుతూ అంతకంతకూ వేగం పెంచుకుంది.

"డీజిల్ బంద్ చేసినా ఆగుతలేదు! ఉరుకుండ్రి, పేలుతది!" అంటూ బస్సు డ్రైవర్ బయటికి పరుగెత్తాడు.

నాయిన మాత్రం మూలనున్న తన గొంగడిని నీళ్ల తొట్టిలో ముంచి ఇంజన్ దగ్గరికే పోయాడు. అది గాలి పీల్చే గొట్టం మీద గొంగడి కప్పి, ఒంటి బరువంతా వేసి అదిమిపట్టాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"డీజిల్ బందైనా, లోపలున్న ఇంజన్ నూనె అదే తాగుతుండె. గాలి అందకుంటెనే ఆగుతది," అన్నాడు అరుగు మీద కూలబడుతూ.

నాకదేమీ ఎక్కలేదు. జ్వరమొస్తే నాకు కప్పినట్టే దానికీ కప్పాడనుకున్నాను. ఆయన చేతిలో నీళ్ల చెంబు వణుకుతోంది. గొంగడి ఇంజన్‌కు ఇచ్చేశాడు కదా, చలిపెడుతోందేమోనని నా బొంత తెచ్చి భుజాల మీద కప్పాను.

"చలి పోయిందా నాయినా?"

"పోయింది బిడ్డా."

ఆ మండుటెండలో, చేతుల వణుకు ఆగేదాకా, ఆయన బొంత తీయలేదు.