విప్పని పట్టీ

ధర్మాసుపత్రి ఆవరణలో నేను జీతం లేకుండా మొక్కలు పెంచడం చూసి, పిల్లలు లేరు కదా, పొద్దుపోక అంటారు మా చుట్టాలు. ఉద్యోగం చేసుకునే మనిషికి పొద్దుపోకపోవడమేమిటి? నన్ను మొక్కల పెంపకం శిక్షణకు పంపింది బస్సులో పక్కన కూర్చున్న ఒక పెద్దాయన.

బంగారుపాళ్యంలో కొన్న అంటుమామిడి మొక్కను ఒళ్లో పెట్టుకుని తిరుపతి బస్సులో ఉన్నాను. అంటు దగ్గర చుట్టిన ప్లాస్టిక్ పట్టీని ఆయన వంగి చూశాడు.

"దీన్ని ఇప్పేయాల మా. అతుక్కున్యాక కూడా ఉంచితే కాండాన్ని కోసేస్తాది."

"అమ్మినోడికి తెలీంది మీకు తెలుసునా?" అన్నాను.

"నాకూ తెలీలేదు మా. మా పాప బడిలో ఇట్లాంటి అంటే నాటింది. పాప పోయినాక మాకు ఆ చెట్టే మిగిలింది. కాపుకొచ్చిన ఏడే గాలికి అంటుకాడ ఇరిగిపాయ. సూస్తే లోపల పట్టీ అట్నే ఉండాది."

ఆ తరువాతే ఆయన శిక్షణకు వెళ్లాడట. ఇప్పుడు బడి బడికీ తిరిగి ఊరికే మొక్కలు నాటుతాడట, సమయానికి మళ్లీ వెళ్లి పట్టీలు విప్పుతాడట. మొక్కను ఆయన వైపు జరిపాను. ఆయన గోటితో నా మొక్క పట్టీ విప్పి, కాండం మీద పడిన గాటును ఒకసారి నిమిరి, చంద్రగిరిలో దిగిపోయాడు.

అంటు కింద మొలిచే చిగురు నాటు మామిడిది, మంచి కాపునివ్వదు, తుంచేయాలని మాకు శిక్షణలో నేర్పారు. పాప నాటిన ఆ చెట్టు మోడు మళ్లీ చిగిర్చి ఉంటే, ఆయన తుంచగలిగాడా?