పొగాకు ముట్టని చెయ్యి

1989. మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, తెలుగు నేతపనివాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో ఒక చిన్న దవాఖానా. అందులో నేను హెల్త్ ఎడ్యుకేటర్‌ని, అంటే పసిపిల్లలకు ఏం పెట్టాలో తల్లులకు చెప్పే మనిషిని. నాకు హోమ్ సైన్స్ డిగ్రీ ఉంది, పిల్లలు లేరు. రెండో సంగతి గల్లీ అందరికీ తెలుసు.

నాకు పోటీ ఒక టీవీ. సాంచాల, అంటే మరమగ్గాల, గల్లీ మొత్తానికి ఒక్క ఇంట్లోనే ఉండేది. అందులో డబ్బాపాల ప్రకటన వచ్చేది. బొద్దుగా ఒక పిల్లవాడు, పక్కన నవ్వుతూ తల్లి. నా దగ్గర అరటిపండు బొమ్మ వెలిసిపోయిన చార్టు ఉండేది. పోటీ హోరాహోరీగా సాగిందని చెప్పలేను.

రాజమణి భర్త పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. ఆమె ఇంటి అరుగు మీద మరో ఐదుగురితో కలిసి బీడీలు చుట్టేది. వాళ్ల పాప అనితకు పది నెలలు. గ్రోత్ చార్ట్ అంటే నెలనెలా బరువును చుక్కగా పెట్టే కార్డు. చుక్కలు పైకెక్కాలి. అనితవి మూడు నెలలుగా దిగుతున్నాయి. ఇంకొక్కటి దిగితే పెద్దాసుపత్రిలో చేర్చాలి. ఆ స్థితిలో చేరిన పిల్లల్లో కొందరు ఇంటికి తిరిగిరారు.

"అన్నం పెడుతున్నావా?" అని అడిగాను.

"డబ్బా పాలు పడుతున్న సిస్టర్. టీవీల గదే చూపెడ్తుండ్రు."

డబ్బా ఎక్కువ రోజులు రావాలని పొడి తగ్గించి నీళ్లు పెంచింది. సీసాలోంచి అవతలి గోడ కనిపించింది. నేను పప్పన్నం గురించి ఉపన్యాసం అందుకున్నాను. ఆమె అత్త నర్సవ్వ తునికాకు కత్తిరిస్తూనే, "నీకెంతమంది పిల్లలు బిడ్డా?" అంది.

"ఇంకా లేరు."

"గందుకే మస్తు చెప్తున్నవ్."

అరుగంతా నవ్వింది. రాజమణి నవ్వలేదు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, పప్పన్నం మెదిపి నా అరచేతిలో పెట్టింది. "తిను."

తిన్నాను. చేదు. చిన్నప్పటి నుంచి పొగాకు నింపిన వేళ్లు. సబ్బుకు లొంగే రకం కాదు.

"చెంచాతో పెట్టి చూడు."

"చూసిన. చెంచ పట్టేది ఎవలు? నా చెయ్యి దగ్గరికి రాంగనే మూతి తిప్పుకుంటది. సీసానైతే దిండుకు ఆనిచ్చి దూరం జరుగుత."

మిగతావాళ్లు తలలు దించుకుని చుట్టసాగారు. అందరి ఇళ్లలోనూ అదే కథ అని అప్పుడర్థమైంది. "మళ్లీ వస్తాను" అన్నాను. మా వృత్తిలో ఆ మాటకు అర్థం, ఏమీ తోచడం లేదని.

రెండు వారాలకు వెళ్లాను. సంచిలో రెఫరల్ స్లిప్, అంటే పెద్దాసుపత్రికి పంపే చీటీ, రాసి పెట్టుకున్నాను. అరుగు మీద ఐదుగురే చుడుతున్నారు. ఆరో ఆమె, బాలమణి, దూరంగా గడప దగ్గర కూర్చుని పప్పన్నం మెదుపుతోంది. చుట్టూ ఐదుగురు పిల్లలు. అనిత నోరు తెరిచి తన వంతు కోసం ఎదురుచూస్తోంది.

"ఇయ్యాల బాలమణి పాళీ, వంతన్నట్టు," అంది నర్సవ్వ. "నిన్న తానం చేసినంక పొగాకు ముట్టలే, తెల్లారేసరికి చేదు దిగింది. పోరగాండ్లు రెండు పూటలు తినేదాక ముట్టది."

"మరి ఆమె బీడీలు?"

"మేం చుడ్తం. రేపు ఇంకొకలది."

"ఎవరు చెప్పారు మీకు?"

"టీవీ చెప్పలే, నువ్వు చెప్పలే. మేమే అనుకున్నం."

అనితను తూచాను. నమ్మకం కుదరక మళ్లీ తూచాను. చుక్క పైకెక్కింది. నేను చీటీ చించేస్తుంటే రాజమణి చూసింది. ఇంకో ఆకు తీసుకుని బాలమణి వంతు బీడీ చుట్టింది, కాస్త వేగంగా.

నెల తిరక్కుండానే హోట్గి రోడ్ వైపు ఒక గల్లీకి వెళ్లాను. అంతకుముందు మా దవాఖానా వాళ్లెవరూ అక్కడ అడుగుపెట్టలేదు. అక్కడా ఒకామె చేతులు పొగాకు లేకుండా ఉన్నాయి. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వరుసలో విన్నారట. ఆమె నన్ను కూర్చోబెట్టి, పాళీ ఎలా వేసుకోవాలో ఓపికగా వివరించింది. "సమజైందా సిస్టర్? మీ పేట్ల గూడ చెప్పు."

చెబుతానన్నాను.

పిల్లలకు ఏం పెట్టాలో ఆ తల్లులకు తెలియదనుకుని రెండేళ్లు పాఠాలు చెప్పాను. ఎందుకు పెట్టలేకపోతున్నారో ఒక్కసారీ అడగలేదు. తీరిక లేని ఐదుగురు ఆరో ఆమె పని కూడా నెత్తినేసుకుని, గల్లీ పిల్లల కోసం రోజుకో జత చేతుల్ని ఖాళీగా ఉంచారు. అంతకు మించిన వైద్యం ఆ తర్వాతి నా ఉద్యోగంలో నేను చూడలేదు.