చుక్కల గీతల సార్

మా అర్థశాస్త్రం సార్ పోయారన్న వార్తను నేను వెంటనే నమ్మలేదు. పొద్దున డిగ్రీ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టారు. దాని కింద వరుసగా దండాలు పడుతున్నాయి. ఇదే గ్రూపులో ఒకసారి పరీక్షలు వాయిదా పడ్డాయని వచ్చింది. పడలేదు. అందుకని కాలేజీ అటెండరుకు ఫోన్ చేశాను.

"నిజమేనమ్మా. గుండెపోటట. నేను ఇప్పుడే ఇంటికి పోయి చూసొచ్చిన" అన్నాడు.

చూసొచ్చిన అన్నాడు కాబట్టి నమ్మాను. ఎవరేం చెప్పినా, చూసి చెప్తున్నారా విని చెప్తున్నారా అని ముందు అడగమని మాకు నేర్పింది సారే.

కరీంనగర్‌లో యూనివర్సిటీ కాలేజీలో చేరిన మొదటి ఏడు ఆయన మాకు సూక్ష్మ అర్థశాస్త్రం చెప్పారు. ఒక ఇల్లు, ఒక దుకాణం, ఒక మనిషి ధరను చూసి ఏం చేస్తారో చెప్పే చదువు అది. అందులో సగం గీతలే. పుస్తకంలో ఆ గీతలు నల్లగా, తెగకుండా ఉంటాయి. సార్ మాత్రం బోర్డు మీద చుక్కలు పెట్టేవారు.

"పక్కా గీత గీసే ధైర్యం నాకు లేదు బిడ్డా. నమ్మకం ఉన్నోళ్లు వచ్చి కలపుండ్రి" అని సుద్దముక్క ముందుకు చాపేవారు. కలపడానికి వెళ్లినవాళ్లను ప్రశ్నలు అడిగేవారు. అందుకని బెల్లు కొట్టేదాకా బోర్డు మీద చుక్కలు చుక్కల్లాగే ఉండేవి.

పుస్తకం మీద ఆయనకు పెద్ద అనుమానం. అందులో ప్రతి సూత్రం 'ఇతర అంశాలు మారకుండా ఉంటే' అని మొదలవుతుంది. సార్ అక్కడిదాకా చదివి, కళ్లజోడు పైకి జరిపి, ముందు బెంచీవాళ్లను చూసేవారు. "మారకుండ ఎవరు పట్టుకుంటరు? నువ్వు పట్టుకుంటవా?"

క్యాంటీన్ చాయ్ మీద కూడా అనుమానమే. ధర పెంచలేదని క్యాంటీనాయన ఒట్టు పెడితే సార్ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశారు. "ధర పెరగలే. గ్లాసు పొట్టిగైంది."

"గ్లాసు గదే సార్. మీ కండ్లజోడు మారింది, గంతే" అన్నాడు ఆయన.

మర్నాటి నుంచి సార్ ఇంట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చుకున్నారు.

సార్‌ది బెల్లంపల్లి. వాళ్ల నాన్న బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసేవారట. వేళ కాని వేళ సైరన్ మోగితే ప్రమాదమేమోనని క్వార్టర్లలో అందరూ బయటికి వచ్చేవాళ్లు. ఏం కాలేదు, ఇంట్లోకి పోండి అని ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. "మా అవ్వ ఎవల మాట ఇనేది కాదు. బాపు పైకొచ్చేదాక గేటు కాడ నిలబడేది" అని ఒకసారి క్లాసులో చెప్పారు. ఎందుకు చెప్పారో చెప్పలేదు. వెంటనే పాఠంలోకి వెళ్లిపోయారు.

ఆయనకు మా మీద కూడా నమ్మకం లేదు. పాఠం అయ్యాక, "అనుమానం ఉన్నోళ్లు చేయి లేపుండ్రి" అనేవారు. ఎవరూ లేపేవాళ్లు కాదు. "ఇంత మందిల ఒక్కరికి కూడ అనుమానం లేదంటే మీరు ఇంటలేరు, లేకుంటే నేను అబద్ధం చెప్తున్న."

నాకు ఒక అనుమానం ఉండేది. ధర పెరిగితే సరఫరా పెరుగుతుంది, ధర తగ్గితే సరఫరా తగ్గుతుంది అని సార్ పైకి పోయే చుక్కలు పెట్టిన రోజే అది పుట్టింది. మాది సిరిసిల్ల. బాపు ఇంటి ముందు గదిలో సాంచెలు నడుపుతాడు. సాంచె అంటే కరెంటు మగ్గం. సేటు నూలు ఇస్తాడు, నేసిన మీటరుకు ఇంత అని కూలి కడతాడు. కూలి రేటు పడిపోయిన నెలల్లో మా సాంచెలు ఇంకా ఎక్కువసేపు నడుస్తాయి. ఇంటి ఖర్చు తగ్గదు కాబట్టి బట్ట పెరగాలి. బాపు తినడానికి కూర్చుంటే అవ్వ, అంటే అమ్మ, వెళ్లి సాంచెల దగ్గర నిలబడుతుంది. పుస్తకంలో దీనికి చోటు లేదు. నేను చేయి ఎత్తలేదు. చిన్నప్పుడు కాన్వెంటు బడిలో సిస్టర్లు అడిగినప్పుడే మాట్లాడమనేవారు. జవాబు పుస్తకంలో ఉన్నట్టే ఉంటేనే మార్కులు వేసేవారు. నేను అలాగే చదువుకున్నాను, అలాగే రాసేదాన్ని.

మొదటి ఇంటర్నల్ పరీక్షలో కూడా అలాగే రాశాను. పేపరు దిద్దిన సార్ దాన్ని ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి తీసుకెళ్లారు. కాపీ అని తేలితే సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు. కాలేజీలో చేర్చేటప్పుడే బాపు చెప్పాడు. "ఏడాది పోతే మాత్రం నడువది బిడ్డా. ఇంటికొచ్చి సాంచెల కాడ నిలబడుడే." కోపంగా అనలేదు. అందుకే భయం.

మేడం నా పేపరును, పుస్తకాన్ని పక్కపక్కన పెట్టారు. "చూడండి సార్, ఒక్క అక్షరం తేడా లేదు."

సార్ నా వైపు చూడకుండా అడిగారు. "కాపీ కొట్టినవా?"

"లేదు సార్. బట్టీ పట్టాను."

"అందరు గదే అంటరు. చెప్పు చూద్దాం."

చెప్పాను. జవాబు అయిపోయినా ఆపమని ఎవరూ అనలేదు కాబట్టి తర్వాతి పేరా కూడా చెప్పాను. 'పై పటమును చూడుము' అన్నది కూడా వదల్లేదు. మేడం నవ్వారు. సార్ నవ్వలేదు.

"పుస్తకం దాచుకొచ్చిన పిల్లను పట్టుకోవచ్చు మేడం. పుస్తకమే అయిపోయిన పిల్లను ఏం చేద్దాం?"

"అయితే వదిలేద్దామా?"

"ఎట్ల వదుల్తం? పేపరు ముందుగాల దొరికి గిదొక్కటే బట్టీ పట్టిందేమో, ఎవలకు ఎరుక?" అప్పుడు నా వైపు తిరిగారు. "పుస్తకంల లేనిది ఒకటి చెప్పు. నీ సొంతది."

మా ఇంటి సంగతి చెప్పాను. రేటు తగ్గితే మా దగ్గర బట్ట పెరుగుతుందని.

"అది తప్పు కదమ్మా! మొదటి పాఠమే తారుమారు చేశావు" అన్నారు మేడం.

సార్ కళ్లజోడు తీశారు. "ఇప్పుడు రేటు ఎట్లున్నది?"

"పడిపోయింది సార్. సాంచెలు ఆగట్లేదు."

"నువ్వు హాస్టల్ల ఉన్నవు. నీకెట్ల తెలుసు?"

"బాపు ఫోన్లో మాట్లాడితే వెనక చప్పుడు వినిపిస్తుంది సార్."

"ఫోన్ల." ఆయన ఆ మాటను చాయ్ గ్లాసును చూసినట్టు చూశారు. "సోమవారం చెప్త మేడం."

సోమవారం వరకు నేను సరిగా తినలేదు. నా మీద ఇంకేదో రుజువు వెతకడానికే గడువు అడిగారనుకున్నాను. సోమవారం ఆయన మేడంతో ఒక్క మాటే అన్నారు. "ఈ పిల్లను పరీక్ష రాయనియ్యండ్రి." ఎందుకో చెప్పలేదు. నా జవాబుకు సగం మార్కులు వేశారు.

ఆ వారమే బోర్డు మీద ఒక కొత్త గీతకు చుక్కలు పెట్టారు. కింద కుడివైపు మొదలై, పైకి పోతూ ఎడమకు వంగింది.

"సార్, గీత ఉల్టా పోయింది!" వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు.

"ఉల్టా బతికేటోళ్లకు కూడ ఒక గీత ఉండాలె కదరా. ఇది ఎవరిది? వచ్చి కలపుండ్రి."

సుద్దముక్క చాపి చాలాసేపు ఆగారు. నా చేయి లేవలేదు. ఆయన ఆ ముక్కను నా బెంచీ చివర పెట్టి వెళ్లిపోయారు.

ఆయన నన్ను ఎందుకు వదిలేశారో ఆ తర్వాత రకరకాలుగా అనుమానించాను. జాలిపడ్డారా? కాన్వెంటు సిస్టర్ ఎవరైనా ఫోన్ చేశారా? లేక శిక్ష వద్దని మేడమే అన్నారా? అడిగే ధైర్యం లేదు. డిగ్రీ అయిపోయేదాకా ఎదురుపడితే తల ఊపేవారు. నిన్ను నమ్మాను అని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. ఆ చదువే చదువుతూ ఇప్పుడు పీజీకి వచ్చాను. పుస్తకం చదివేటప్పుడు అంచుల్లో ప్రశ్న గుర్తులు పెడతాను. అది ఆయన ఇచ్చిన అలవాటే. అయినా, జాలితో వచ్చిన చదువేమో అనే ముల్లు లోపల ఉండేది.

సంతాప సభ మా పాత క్లాసు గదిలోనే పెట్టారు. బోర్డు మీద రంగు సుద్దలతో పువ్వులు, లతలు గీశారు. అన్నీ పక్కా గీతలే. మాట్లాడినవాళ్లు చాలా పెద్ద మాటలు అన్నారు. సార్ ఉంటే ఎక్కడ చూశారని అడిగేవారు. క్యాంటీనాయన తలుపు దగ్గర నిలబడి, "ఇగ నా గ్లాసును ఎవలు చూస్తరు" అని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఆ శనివారం ఇంటికి వెళ్లి బాపుకు ఫోన్లో సార్ ఫొటో చూపించాను. బాపు చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. వెలుతురులోకి జరిగాడు.

"గీయన మన గల్లికొచ్చిండు."

"ఎవరు బాపూ? సారా?"

"అవ్. నువ్వు కాలేజీల చేరిన ఏడు. ప్యాంటుకు సుద్ద అంటుకొని ఉండె. రేటు పడ్డది గద, సాంచెలు ఎంతసేపు నడుపుతున్నరు అని అడిగిండు. ఎవలు నువ్వంటే, కరీంనగర్ల పాఠాలు చెప్త అన్నడు. కరెంటోళ్లు గిట్లనే ఏదో ఒకటి చెప్తరు. మనకు కరెంటు తక్కువకిస్తరు గద, ఎక్కువ కాలుస్తున్నమని పట్టుకుంటరేమో అని భయం."

"నా పేరు చెప్పలేదా?"

"నీ ముచ్చటే ఎత్తలే. ఎత్తితే కుర్చీ ఏసి కూసోబెడ్తుంటి గద."

"నువ్వేం చెప్పావు?"

బాపు నవ్వలేక నవ్వాడు. "రేటు తగ్గినంక నడుపుడేంది సార్, సగం బంద్ వెట్టినం అని చెప్పిన. పక్కింటోళ్లు గదే చెప్పిండ్రు."

అప్పుడు నా చదువు ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉందని బాపుకు తెలియదు. నేను చెప్పలేదు.

"మరి సార్ వెళ్లిపోయారా?"

"యాడ పోయిండు! మొకం చూస్తే నమ్మినట్టు లేకుండె. పొద్దుగూకేదాక గా కరెంటు స్తంభం కాడ్నే నిలబడ్డడు. లోపల సాంచెలేమో నడుస్తనే ఉండె. మీ అవ్వ చాయ్ పంపిస్తనంటే నేనే వద్దన్న. గోడ మీద సుద్దతోటి చుక్కలు చుక్కలు ఏందో పెట్టిండు. మీటర్లోళ్ల గుర్తేమో అనుకొని, ఆయన పోంగనే తడిగుడ్డతోటి తుడిచేసిన."

బయటికి వెళ్లి చూశాను. స్తంభం పక్కన మా గోడ, సున్నం వేసి చాలా కాలమైంది. దాని మీద ఏమీ లేదు. రేటు మళ్లీ పడిపోయిందని అవ్వ పొద్దున్నే చెప్పింది. గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా తలుపులు మూసి ఉన్నాయి. ప్రతి తలుపు వెనకా సాంచెలు నడుస్తున్నాయి. ఆగుతాయేమోనని పొద్దుగూకేదాకా ఆ స్తంభం దగ్గరే నిలబడ్డాను.