పళ్లబావ, మూడు కొలిములు, నాన్న క్లారినెట్

మా అక్క మొగుడు పళ్లు కడతాడు. డాక్టరేం కాదు. పళ్ల డాక్టరమ్మ నోటి అచ్చు తీసి పంపితే, వీధి చివర మేడ మీద ల్యాబులో కూర్చుని, ఆ అచ్చులో సుద్ద పోసి, మైనం అద్ది, ఒక్కో పన్నూ పేర్చి కట్టుడు పళ్లు తయారుచేస్తాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా తెల్లపొడి ఉంటుంది. మా ఇంట్లో అందరికీ ఆయన పళ్లబావ.

ఆయనకి ఇంకో పిచ్చి ఉంది. నలభై దాటిన మనిషి, సాయంత్రం స్నానం చేసొచ్చి వీడియో గేము ముందు కూర్చుంటాడు. ఆడేది ఒకటే వరస గేములు, మూడు భాగాలు. కత్తి పట్టుకుని అడవులూ కోటలూ తిరుగుతూ రాక్షసుల్ని చంపాలి. బావకి రాక్షసుల మీద పెద్ద మోజు లేదు. ఆయన ప్రాణమంతా ఆ ఆటలో ఊరి మధ్య ఉండే కొలిమి మీదే. దారిలో ఏరుకున్న ముడిరాళ్లు, తోళ్లు, వేర్లు తెచ్చి అక్కడ కత్తులూ డాళ్లూ మందులూ సొంతంగా చేసుకోవచ్చు. ఏ భాగంలో ఈ తయారీ గొప్పగా ఉందో తేల్చి, తోటి ఆటగాళ్ల కోసం ఒక వీడియో పెట్టాలని ఆయన పట్టుదల. అక్క ఎప్పుడో చేతులెత్తేసింది కాబట్టి వినే ఖర్మ నాకు పట్టింది.

"ఒకటో భాగం తీసుకో మరదలా. ఏది దేంతో కలపాలో ఎవడూ చెప్పడు. సమ్మెట పడాల్సిన క్షణంలోనే పడాలి. తప్పిందా, కత్తీ పోయింది, పోసిన ఇనుమూ పోయింది. అదీ పనంటే!" అంటాడు.

పోతుందన్న ఆ భయంతోనే ఈయన మంచి సరుకేదీ వాడలేదు. ఎక్కడో కొండ కొసన దొరికిన ఉల్క ఇనుమంతా సంచిలో మూటగట్టుకుని, ఆఖరి రాక్షసుణ్ణి తుప్పు కత్తితో పొడిచి పొడిచి చంపాడట. ఆట అయిపోయింది, ఇనుము అలాగే ఉంది. మా అక్క కొత్త దుప్పట్లు బీరువాలో దాచి చిరుగులవి పరుస్తుంది. ఇద్దరికీ జోడీ బాగానే కుదిరింది.

జనం గగ్గోలు పెట్టేసరికి రెండో భాగంలో సమ్మెటే తీసేశారట. కావలసిన కత్తిని ఎంచుకుని మీట నొక్కితే చేతికొచ్చేస్తుంది. చెడిపోవడమన్నదే లేదు. ఆడేవాళ్లందరి దగ్గరా అచ్చం అదే కత్తి. "అది కొలిమి కాదు, కొట్టు" అని కొట్టిపారేసి పదికి మూడు మార్కులు వేశాడు బావ.

మూడో భాగంలో చేసినదాన్ని మళ్లీ విడగొట్టొచ్చు. పెట్టిన సరుకంతా తిరిగొస్తుంది. పిడి పూర్తిగా బిగించకముందే పక్కనున్న గడ్డిబొమ్మ మీద ఓ దెబ్బ వేసి చూసుకోవచ్చు. విరిగితే, ఎక్కడ బలం చాల్లేదో ఆ ముక్క మీదే తెలుస్తుంది. నన్నడిగితే మూడింటిలో బుద్ధున్న పద్ధతి అదొక్కటే. బావ మాత్రం దానికి ఆరు వేసి, ఒకటో భాగానికి తొమ్మిది వేశాడు. "పోతుందన్న భయం లేకపోతే చేతికి పదునెక్కడిది?" అంటాడు. వాదిస్తే మొండికేస్తాడు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ మార్కుల గొడవ నడుస్తుండగానే మా నాన్నకి పై పళ్లన్నీ తీసెయ్యాల్సి వచ్చింది. నాన్న బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. పళ్లు లేకపోతే అన్నం ఎలాగోలా మింగొచ్చు గానీ ఆయన వాయించే తీరులో క్లారినెట్ వాయించడం కుదరదు. పై ముందుపళ్లు దాని మూతి మీద ఆనాలి. బొటనవేలు వాయిద్యాన్ని కింద నుంచి పైకి నొక్కుతూ ఉంటుంది. కట్టుడు పళ్లకి ఆ నొక్కుడే శత్రువు. ముందు భాగం పైకి లేస్తే వెనక భాగం అంగిలి నుంచి ఊడి కిందికి జారుతుంది.

బావ చేసిన మొదటి సెట్టు పాట మధ్యలో నాలుక మీద పడింది. దాన్ని చెత్తబుట్టలో పారేసి, అచ్చు దగ్గర్నుంచి అంతా మళ్లీ మొదలుపెట్టి రెండోది చేశాడు. అదీ పడింది. బ్యాండు మాస్టరు మంచివాడే. "నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఇంకొకర్ని పెట్టుకోక తప్పదన్నా" అని నాన్నతో చెప్పి తల దించుకున్నాడు. నాన్న క్లారినెట్‌ని విప్పి, తుడిచి, పెట్టెలో సర్ది, ఆ పెట్టెని అటక మీద పెట్టేశాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన దాన్ని అటకెక్కించలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

మూడోది చెయ్యమంటే బావ చేస్తానంటాడే గానీ చెయ్యడు. ల్యాబు సొరుగులో మేలురకం పళ్ల సెట్టు ఒకటి ఎప్పట్నుంచో దాచి ఉంచాడు. ఈసారి అదే వాడాలట. కానీ అదీ చెడితే? ఆ ఆలోచనతో రోజులు గడిపేస్తున్నాడు. అక్కడ నాన్నకి గడువు దగ్గరపడుతోంది.

ఆదివారం అందరం అక్క ఇంట్లో ఉన్నాం. నాన్న కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. బావ భోజనాల బల్ల మీద ఫోను నిలబెట్టి వీడియో కోసం గొంతు సవరించుకున్నాడు. "అన్ని విధాలా చూస్తే ఒకటో భాగానికి తొమ్మిది..." అన్నాడో లేదో, నాకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది.

"ఆపు బావా! నీ ఒకటో భాగం తగలెయ్య! మా నాన్న నోట్లోనూ అదే ఆట ఆడుతున్నావుగా! చెయ్యడం, చెడితే బుట్టలో పారెయ్యడం, మంచి సరుకు దాచుకు కూర్చోవడం! ఆ మూడో భాగంలో లాగా ముందే గడ్డిబొమ్మ మీద కొట్టి చూసి చావొచ్చుగా?"

"ఏమే, ఏంటా నోరు!" అని అక్క గదిమింది.

బావకి కోపం రాలేదు. ఫోను కట్టేసి, నాన్న దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

"మామయ్యా, మైనంలో పళ్లు పెట్టి చూసినప్పుడు డాక్టరమ్మ మీచేత ఏమేం చేయించింది?"

"ఏముందీ, కొరకమంది, మాట్లాడమంది, నవ్వమంది. నవ్వొచ్చి కాదుగానీ నవ్వాను."

"క్లారినెట్ ఊది చూడలేదా?"

"దాన్ని ఆసుపత్రికెవరు తీసుకెళ్తారయ్యా? నలుగురూ నవ్విపోరూ!"

బావ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అసలు పళ్లు బిగించేముందు వాటిని మైనంలో పేర్చి నోట్లో పెట్టి చూస్తారు. అప్పుడైతే ఏ పన్నునైనా ఎటైనా జరపొచ్చు. పళ్లు కట్టేవాడు మేడ మీద, డాక్టరమ్మ ఆసుపత్రిలో, నాన్న సిగ్గులో. వాయించే మనిషి పళ్లని వాయించి చూడాలన్న ముక్క ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ముగ్గురూ ముగ్గురే!

మర్నాడు బావ డాక్టరమ్మతో మాట్లాడాడు. ఆవిడ నవ్వి, "ముందే అనుకోవాల్సింది, మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు రమ్మనండి" అంది. మళ్లీ అచ్చు తీసింది, ఈసారి అంగిలి వెనక అంచు ఇంకాస్త బాగా పట్టేలా. అంగిలికి ఆనే పళ్లెం మాత్రం బావ గట్టిదే పోశాడు. దాని మీద సొరుగులోని మేలురకం పళ్లని మైనంతో నిలబెట్టాడు. మైనం మెత్తబడకుండా ఆ సెట్టుని చన్నీళ్ల గిన్నెలో ముంచి, అలాగే చేతిలో పట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. అటక మీద నుంచి పెట్టె దించింది నేనే.

నాన్న ఆ ఎత్తు కుర్చీలో క్లారినెట్‌తో బిగుసుకుపోయి కూర్చున్నాడు. మొదటి ఊపిరికే పళ్లెం ఊడింది. బావ దాన్ని తీసి, చిన్న కత్తి వేడిచేసి, ముందుపళ్లని వెనక్కి జరిపి, చన్నీళ్లలో ముంచి ఇచ్చాడు. ఈసారి క్లారినెట్ కీచుమంది. డాక్టరమ్మ అంచు అరగదీసింది. బావ మళ్లీ జరిపాడు. ఎన్నిసార్లు చెడినా ఆయన మొహంలో చిరాకు లేదు.

"మూడో భాగానికి మార్కులు పెంచావా బావా?" అన్నాను ఉండబట్టలేక.

"ముందు పన్ను నిలబడనీ తల్లీ."

ఇంకోసారి జరిపి ఇచ్చాక నిలబడింది. కింది స్వరం ఒకటి సన్నగా మొదలై, గదంతా నిండి, ఆగకుండా సాగింది. నాన్న కళ్లు పెద్దవయ్యాయి. ఇంకో స్వరం పట్టాడు. ఆ తర్వాత మమ్మల్ని మర్చిపోయి ఏకంగా పాటే ఎత్తుకున్నాడు.

నోటి వేడికి మైనం మెత్తబడుతోంది. "మామయ్యా, ఆపండి! పళ్లు జారుతున్నాయి!" అని బావ అరుస్తున్నాడు. నాన్న వింటేనా! పన్ను ఒరిగేకొద్దీ స్వరం పక్కకి పోతోంది, ఆయన పెదవి బిగించి మళ్లీ దారికి తెస్తున్నాడు. ఒక పన్ను పూర్తిగా పక్కకి వాలిపోయాక గానీ ఆపలేదు.

బావ పళ్లెం అందుకుని వాలిన పన్నుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. "నొక్కుడు ఎటు పడుతోందో చక్కగా చెప్పేసింది మామయ్యా. ఇంకో రెండు మూడుసార్లు పేర్చి చూస్తే చాలు. ఆ తర్వాత అసలుదే బిగించేస్తాను. ఇక పడదు" అన్నాడు. డాక్టరమ్మ మళ్లీ చన్నీళ్లు తెమ్మని లోపలికి కేకేసింది.

నాన్న క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, బోసినోటితోనే నావైపు తిరిగాడు.

"మాస్టరుకి ఫోన్ చెయ్యవే. నా చోటు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పు."