కెన్యా బడిలో నాగా

సముద్రాలు దాటిన వీరగాథ చెబుతాను. నిజానికి అది రామగుండం స్టేషన్ బెంచీ మీద పది నిమిషాల ముచ్చట. విదేశంలో చర్చి బడి పిల్లలకు జీతం లేకుండా చదువు చెప్పడానికి పేరిద్దామనుకుని, నా ఇంగ్లిష్ తలచుకుని వెనకాడుతున్న రోజులవి.

పక్కన కూర్చున్న, ముక్కూమొహం తెలియని ఓ అక్క నా సంగతి విని మాట కలిపింది. ఆమె కెన్యాలో ఆ పనే చేసి వచ్చిందట.

“నా ఇంగ్లిష్ పోరగాండ్లకు సమజ్ కాలే తమ్మీ. నెల దాక ఒక్కరు నోరు తెరువలే. వాపస్ వద్దామని బ్యాగు సదిరిన. ఆఖరుసారి హాజరు తీస్తుంటే ఒక పోరి రాలే. మా బాపుది బొగ్గుబాయి పని, ఇంట్ల రోజు ఇన్న మాటే గదా, అలవాట్ల ‘నాగా’ అన్న.”

“అయితే?”

“గదేందని క్లాసంత ఒక్కసారే అడిగిండ్లు. డ్యూటీకి రాకపోవుడని చెప్పిన. ఇగ ఎవరు రాకున్నా ‘నాగా’ అని ఒర్రుడే. గట్ల మాటలు కలిసినయ్, ఏడాది ఉన్న. ఇప్పుడు హెడ్మాస్టర్ గూడ రిజిస్టర్ల నాగా అనే రాస్తడు.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కెన్యాను గెలుచుకొచ్చిన మనిషిలా కూర్చుంది.

రైలొచ్చింది. “దేవుడు నాగా పెట్టడు తమ్మీ, నువ్వెందుకు పెడుతవ్?” అంటూ ఎక్కేసింది.

అదే రోజు ఫారం పంపాను. నన్నూ కెన్యాకే తీసుకున్నారు. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి.